ఒకటో కిటికీ ముక్కు

లాగ్ 1

నా ఉద్యోగం వాసన చూడటం. వానల్లో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు.

ఈ రెండు సంగతులూ కలిపి తెలిసింది నా ఒక్కదానికే. అందుకే ఈ లాగ్‌ని ట్యాబ్‌లో "కెమిస్ట్రీ రివిజన్" అనే ఫోల్డర్‌లో పెడుతున్నాను. కెమిస్ట్రీ అని కనిపిస్తే మా ఇంట్లో ఎవరూ తెరవరు. బ్రూవరీ ఆఫీసుకి పంపే లాగ్ వేరే ఉంది. అందులో రోజూ ఒకే మాట రాస్తాను: నార్మల్.

కాన్వెంట్‌లో నా ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. కింద "జూనియర్ సెన్సరీ ఆఫీసర్" అని గోల్డ్ కలర్‌లో రాశారు. కొండ మీద మాత్రం ఎవరూ ఆఫీసర్ అనరు, హిమజ అని పేరు పెట్టి కూడా పిలవరు. ముక్కు అంటారు. "ముక్కు వచ్చింది, జరగండర్రా." "ముక్కు ఇవాళ మొహం మాడ్చుకుంది." ఇంగ్లిష్ మీడియంలో పదేళ్ళు చదివిన దానికి దక్కిన బిరుదు అది.

ఉద్యోగం ఏమిటంటే, పొద్దున గంట కొట్టగానే ఒకటో కిటికీ తెరవాలి. బయట వరసలో జనం. ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక గోధుమరంగు గాజు కూజా. ఇంటికొకటే. దాని మెడ మీద బ్రూవరీ ముద్ర, ఇంటి పెద్ద పేరు ఉంటాయి. వచ్చినవాళ్ళు కూజాని తలకిందులు చేసి ఖాళీ అని చూపించి నాకిస్తారు. నేను మూతికి ముక్కు ఆనించి, పైకి మూడు లెక్కపెట్టి, "శుభ్రం" అనాలి. అంటే కూజా లోపలికి పోతుంది, పైపు కింద జొన్న బీరు నింపుతారు, మూత మీద కాగితం సీలు అతికించి ఇచ్చేస్తారు. "చెడ్డది" అన్నానంటే కూజా పక్కనున్న సిమెంటు తొట్టిలో పడుతుంది. సుత్తితో ఒక్కటే దెబ్బ. ఆ ఇంటికి కొత్త కూజా వచ్చే వానాకాలం దాకా రాదు. పక్కింటి కూజాలో నింపరు. బిందె తెచ్చినా నింపరు. ముద్ర లేనిది ఏదైనా బయటే.

ఈ బీరుకి కిక్కేమీ ఉండదు. కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ఉన్న మా ఊళ్ళో కింది మెట్ల బావులన్నిటినీ సముద్రం కలిపేసుకున్నాక, మరిగించి పులియబెట్టిన ఈ పలచటి నీళ్ళే కొండంతా తాగేది. ముక్కులకి మాత్రం అదీ లేదు. బీరు వాసన తగిలితే ముక్కు మొద్దుబారుతుందట. అందుకని మాకు రోజూ ఒక చెంబు వాన నీళ్ళు, పై మెట్టులో కారని కప్పు ఉన్న క్వార్టరు. నన్ను తీసేస్తే నేనూ అమ్మా తిరిగి కింది మెట్టుకి పోవాలి. అక్కడ పోటు వచ్చినప్పుడల్లా మంచాలు గోడకి ఎక్కించి కట్టుకుంటారు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా మేమూ కట్టుకున్నాం.

జ్వరం తగ్గిన రోజు అమ్మ పోపు వేస్తోంది. ఆవాలు చిటపటలాడటం విన్నాను. మిరపకాయలు నల్లబడటం చూశాను. అమ్మ దగ్గింది. నాకు మాత్రం టీవీలో వంట చూస్తున్నట్టు ఉంది. మళ్ళీ వస్తుందిలే అనుకున్నాను. రాలేదు.

లాగ్ 2

ఎలా నెట్టుకొస్తున్నానో రాసుకుంటే కొంచెం ధైర్యంగా ఉంటుంది.

కూజాని వెలుతురుకి పెట్టి చూస్తాను. లోపల నూనె మరక ఉంటే గాజు ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. గోళ్ళు చూస్తాను. ఏదైనా దాచేవాళ్ళు ఆ రోజు గోళ్ళు కూడా తోముకుని వస్తారు. కళ్ళు చూస్తాను. తప్పు చేసినవాళ్ళు నా ముక్కు వైపు చూస్తారు, చేయనివాళ్ళు బీరు పైపు వైపు చూస్తారు. ఇంత సింపుల్ మనుషులు. వీళ్ళని మోసం చేయడానికి ముక్కు కూడా అనవసరం.

వరసలో మొదట ఎప్పుడూ అప్పలనర్సమ్మే ఉంటుంది. ఎండుచేపలు అమ్ముతుంది. కూజాని చంటిబిడ్డలా గుడ్డలో చుట్టుకుని వస్తుంది.

"ఏటే ముక్కా, రేత్రి నిద్దరోనేదేటి? కళ్ళు సూడు, గుడ్లగూబ నాగున్నాయి."

"కూజా ఇవ్వు."

"ఇస్తన్నాను. నాకేటి, నా కూజా ఎప్పుడూ శుభ్రమే."

మూడు లెక్కపెట్టి శుభ్రం అన్నాను. ఆవిడ పళ్ళు బయటపెట్టి నవ్వింది. ఏం నవ్వో. ఈ వరసలో వాళ్ళకి అతికించిన సీలు చూసినా నవ్వే, తుమ్మినా నవ్వే. ఇంకొక అలవాటు ఉంది వీళ్ళకి. నిలబడ్డంతసేపూ కూజాలు చేతులు మారుతుంటాయి. ముందున్నవాళ్ళది వెనకవాళ్ళు తీసుకుని మొహం దగ్గర పెట్టుకుంటారు, వెనకవాళ్ళది ముందువాళ్ళు. పసిపిల్లల్ని ముద్దాడినట్టు. సీసాని ముద్దాడే జాతి ఇదొక్కటే అయ్యుంటుంది.

రెండో కిటికీ ముక్కు సువార్త. నా క్లాస్‌మేట్. నిజంగా వాసన తెలిసిన పిల్ల. మనిషి ఎదురొస్తే నిన్న ఏం కూర తిన్నాడో చెబుతుంది. ఈ మధ్య ఆ కిటికీలో సుత్తి చప్పుడు ఆగడం లేదు. ఇవాళ మధ్యాహ్నం అడిగింది.

"హిమా, సీరియస్‌గా చెప్పు. నీ కిటికీలో చెడ్డవి రావట్లేదా?"

"రావట్లేదు."

"నాకు రోజూ వస్తున్నాయే. బురదలో గుడ్డు కుళ్ళినట్టు. కడుక్కోవడం కూడా రాదా ఈ జనానికి? చెయ్యి నొప్పెడుతోంది కొట్టీ కొట్టీ."

"జనం అంతే కదా," అన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. అమ్మ కూజాలకి గుడ్డ తొడుగులు కుడుతుంది.

"హిమా, ఇవాళ బీరు ఏదో వాసన వస్తోంది. ఒక్కసారి చూడవా?"

నింపిన కూజాని ముక్కులు వాసన చూడకూడదు, అది రూల్ అని గుర్తొచ్చి బతికిపోయాను.

"నేను చూడకూడదమ్మా. నువ్వు సరిగ్గా కడిగి ఉండవు. బూడిద వేసి తోమావా?"

"తోమానే."

"ఇంకా తోము."

అమ్మ లేచి వెళ్ళి మళ్ళీ తోమింది.

లాగ్ 3

రెండో కిటికీ వరస మొత్తం నా వరసలోకి వచ్చేసింది. నా ముందు వరస చెక్‌పోస్టు దాటి మలుపు తిరిగింది. సువార్త ముందు ఎవరూ లేరు. స్టూలు మీద కూర్చుని సుత్తి వైపు చూస్తోంది.

రీఫిల్ ఆఫీసర్ మార్కండేయులు సార్ దిగి వచ్చాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు. ఈ కొండ మీద పెన్నుతో రాసేవాళ్ళెవరూ లేరు. అయినా రెండు.

"మిస్ హిమజ, నీ కిటికీలో రిజెక్షన్ రేట్ ఎంత?"

"ఈ నెల ఏమీ లేదు సార్."

"అక్కడ సువార్త సగానికి సగం పగలగొడుతోంది. ఒకే ఊరు, ఒకే జనం. అటు కుళ్ళు, ఇటు పన్నీరా?"

వరసలోంచి అప్పలనర్సమ్మ అందుకుంది. "ఈ గుంట చెయ్యి మంచిది బాబూ. ఆ గుంటది సుత్తి చెయ్యి."

జనం నవ్వారు. సువార్త మొహం ఎర్రబడింది. సార్ నవ్వలేదు.

"డివియేషన్ వచ్చినప్పుడు రూల్ ప్రకారం టెస్ట్ పెట్టాలి. ఇద్దరికీ కాదు, ఏమీ పట్టుకోలేని వాళ్ళకే. వచ్చే శుక్రవారం. యార్డులో, అందరి ముందూ. కళ్ళకి గంతలు కట్టి."

కళ్ళకి గంతలు. అంటే వెలుతురు లేదు, గోళ్ళు లేవు, కళ్ళు లేవు. నాకున్న ముక్కు మొత్తం పోయినట్టే.

"ఓకే సార్," అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా వచ్చిందంటే, నా మీద నాకే అసహ్యం వేసింది.

లాగ్ 4

అమ్మకి వాంతులు. మొన్న మొదలయ్యాయి. మొదట్లో ఏదో తిన్నదిలే అనుకున్నాను. ఇవాళ సూదిలోకి దారం ఎక్కించలేక పక్కన పడేసింది. పెదాలు పగిలిపోయాయి. గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి మొహం తిప్పుకుంటోంది.

కింది మెట్టులోనూ చాలా ఇళ్ళలో ఇంతేనట. మార్కండేయులు సార్ మైకులో అనౌన్స్ చేశాడు: "కూజాల పరిశుభ్రత విషయంలో ప్రజలు నిర్లక్ష్యం వహిస్తున్నందున..." మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేసుకుని మరీ మిగతా సగం చదివాడు.

కొండ మొత్తం బూడిదతో తోముతోంది. వీధిలో నడుస్తుంటే అన్ని ఇళ్ళ ముందూ ఒకటే గరగర. ఒకావిడ ఈ ఏడు బూడిద మంచిది కాదంటుంది, ఇంకొకావిడ కొత్త గాజే దరిద్రంగా ఉందంటుంది. ఇద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. ఎవరి కూజా ఎక్కువ కంపో కూడా వాదనలోకి వచ్చింది.

సంవత్సరానికోసారి బ్రూవరీ స్టాఫ్‌కి కొత్త కూజా ఇస్తారు. నాది ఇవాళ వచ్చింది. బట్టీలోంచి వచ్చి గడ్డిలో చుట్టి ఉంది, ఇంతవరకూ ఎవరి చెయ్యీ పడలేదు. అమ్మ తోమే పనే లేదని సంతోషంగా నింపించుకుని, సీలు తీయకుండా ఇంటికి తెచ్చాను.

"ఇది కొత్తదమ్మా. తాగు."

అమ్మ సీలు చింపి గ్లాసులో పోసుకుంది. మూతి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నా మనసు నొప్పించకూడదని ఒక గుక్క మింగింది.

"ఇదీ అదే వాసన హిమా."

"కొత్త కూజా అమ్మా."

"నాకు తెలుసే. అయినా అదే."

బాల్కనీలోకి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా బ్రూవరీ గోడ. దాని మీద మనిషంత అక్షరాలతో "తిరిగి నింపుటకు నిబంధనలు." పదకొండు. స్కూల్లో అసెంబ్లీలో వల్లించేవాళ్ళం. కూజాకి ముద్ర ఉండాలి. కూజా ఖాళీగా ఉండాలి. కూజా వేరొకరిది కాకూడదు. కూజాని ముక్కు వాసన చూడాలి. కూజా సీలు ఆవరణలో చింపకూడదు. మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివాను. పదకొండూ కూజా గురించే. అందులో పోసేదాని గురించి ఒక్కటి కూడా లేదు.

ఇంతమంది పెద్దవాళ్ళు, రెండు పెన్నుల ఆఫీసర్‌తో సహా, రోజూ ఈ గోడ ముందు నుంచే నడుస్తారు. ఒక్కడికీ తట్టలేదు. నాకు తట్టిందంటే తెలివితో కాదు. వాళ్ళందరికీ కంపు వస్తోంది కాబట్టి చేతిలో ఉన్న కూజాని తిట్టుకుంటున్నారు. నాకు ఏ కంపూ రాదు కాబట్టి గోడ చదివాను.

నా చెంబు వాన నీళ్ళు అమ్మకి పట్టించాను. ముక్కు నీళ్ళు వేరేవాళ్ళకి పోస్తే ఉద్యోగం పోతుంది. ఒక చెంబు ఇద్దరికి చాలదు.

లాగ్ 5

ఇవాళ సార్‌ని కదిపి చూశాను.

"సార్, నింపిన తర్వాత ఎవరైనా వాసన చూస్తారా?"

"ఎందుకు చూడాలి?"

"జస్ట్ డౌట్ సార్."

"మన బీరు ల్యాబ్ ఫార్ములా. కూజా పబ్లిక్ చేతిలోది. తప్పు ఎక్కడ జరుగుతుంది, ఫార్ములాలోనా, పబ్లిక్ చేతిలోనా?" పెన్ను ఒకటి తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అయినా నింపిన బీరు వాసన నీకెలా తెలిసింది? చూశావా?"

"లేదు సార్."

"చూస్తే ముక్కు పోతుంది. శుక్రవారం నీకు టెస్ట్ ఉంది, గుర్తుందా?"

గుర్తు లేకపోవడం ఏంటి. తింటుంటే గుర్తుంది, పడుకుంటే గుర్తుంది. నేను బీరు చెడిపోయిందని చెబితే మొదటి ప్రశ్న "నీకెలా తెలుసు" అనే. వాసన చూశానంటే రూల్ తప్పినట్టు, చూడలేదంటే అబద్ధం చెప్పినట్టు. చెప్పకపోతే అమ్మ.

సువార్తకి చెబుదామని రెండో కిటికీ దాకా వెళ్ళాను. తను పగిలిన గాజు గంపలోకి ఎత్తుతోంది. నన్ను చూసి, "వచ్చావా, మంచి చెయ్యి గల మేడమ్," అంది. వెనక్కి వచ్చేశాను.

లాగ్ 6

శుక్రవారం. తొందరగా రాస్తున్నాను కాబట్టి స్పెల్లింగులు వదిలేస్తున్నాను.

యార్డు మధ్యలో బల్ల వేశారు. బల్ల మీద మూడు కూజాలు, గుడ్డ కప్పి. నింపుకోవడానికి వచ్చిన వరస మొత్తాన్నీ చుట్టూ నిలబెట్టారు. మొదటి వరసలో అప్పలనర్సమ్మ, తోలుబొమ్మలాట చూడటానికి వచ్చినట్టు మెడ చాచి. సువార్త సార్ పక్కన నిలబడింది. జడ్జి అట.

"మూడింట్లో ఒకటి చెడ్డది," సార్ అన్నాడు. "ఏదో చెప్పాలి. ఒక్కటే ఛాన్స్."

అటెండర్ నల్ల గుడ్డ కట్టాడు. గట్టిగా. కనురెప్ప కూడా కదల్లేదు.

మొదటి కూజా చేతికి వచ్చింది. చల్లగా ఉంది. మూతికి ముక్కు ఆనించి ఒకటి, రెండు, మూడు అన్నాను. ఏమీ లేదు. ఎప్పుడూ ఉండే ఏమీ లేకపోవడమే. చుట్టూ జనం ఊపిరి పీల్చడం వినిపిస్తోంది.

రెండోది. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. కింది మెట్టులో మంచం కట్టే తాళ్ళు గుర్తొచ్చాయి.

మూడోది చేతికి వచ్చింది. ఒకటి అన్నాను.

అప్పలనర్సమ్మ దగ్గింది.

రెండు అన్నాను. ఆవిడ పక్కన ఎవరో దగ్గారు. తర్వాత వెనక ఇంకెవరో. మగవాళ్ళు, ఆడవాళ్ళు. యార్డు మొత్తం ఒక్కసారి జలుబు చేసినట్టు దగ్గడం మొదలుపెట్టింది.

"సైలెన్స్," అన్నాడు సార్.

దగ్గు ఆగింది. నేను కూజా పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు అర్థమైంది. అర్థమైనందుకు భయం పోలేదు, ఇంకో రకం భయం వచ్చింది. వీళ్ళకి తెలుసు. వీళ్ళందరికీ తెలుసు.

"మూడు," అన్నాను. "ఇది చెడ్డది సార్."

గంతలు విప్పారు. సువార్త తల ఊపింది. "ఫినాయిల్. కరెక్ట్."

సార్ తన మొహంలోని నిరాశని దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. "ఓకే. పాస్. ఎవరి కిటికీకి వాళ్ళు వెళ్ళండి."

అక్కడితో అయిపోవాలి. అలాగే అనుకుని రెండు అడుగులు వేశాను. నా క్వార్టరు ఉంది, నా చెంబు ఉంది, సీక్రెట్ భద్రంగా ఉంది, ఒక్క నాలుగు వందల మందికి తప్ప. ఇంట్లో అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తోమిన కూజానే మళ్ళీ తోమించాను నేను ఆవిడ చేత.

"సార్, ఇంకో కూజా కావాలి. కొత్తది. నింపి."

"దేనికి?"

"నా టెస్ట్ పూర్తి కాలేదు."

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. జనం కదల్లేదు. అందరూ చూస్తుంటే కాదనడానికి మొహమాటపడ్డట్టున్నాడు, అటెండర్‌కి సైగ చేశాడు. గడ్డి విప్పి తీసిన కూజా లోపలికి వెళ్ళి నిండి, సీలుతో బయటికి వచ్చింది.

దాన్ని తీసుకుని సీలు చింపాను.

"ఏయ్ అమ్మాయ్," అన్నాడు సార్. "తొమ్మిదో రూల్."

నేను ముక్కు దగ్గర పెట్టుకోలేదు. పెట్టుకుంటే అది నటనే. సువార్త దగ్గరికి వెళ్ళి తన చేతిలో పెట్టాను.

"నువ్వు చూడు."

"నేను చూడకూడదు. ముక్కు పోతుంది."

"ఒక్కసారి చూడవే. ప్లీజ్."

సువార్త సార్ వైపు చూసింది, నా వైపు చూసింది. వంగింది. అంతే, కూజాని దూరంగా పట్టుకుని ఆగిపోయింది.

"ఇదే," అంది చివరికి. "నేను రోజూ పగలగొట్టే వాసన ఇదే."

"అది కొత్త కూజా," అన్నాను.

"తెలుసు. గడ్డి నేనూ చూశాను." తను రెండో కిటికీ వైపు తిరిగింది. "మరి నేను పగలగొట్టినవన్నీ..."

అప్పలనర్సమ్మ వచ్చి తన చేతిలోంచి కూజా లాక్కుని వాసన చూసింది. పక్కావిడకి ఇచ్చింది. కూజా వరసంతా తిరిగింది, చేతి నుంచి చేతికి, మొహం నుంచి మొహానికి. ముద్దులు కాదని అప్పుడు చూశాను. ప్రతివాళ్ళూ మూతి దగ్గర ముక్కు ఆనించి, లోపల్లోపల లెక్కపెడుతున్నారు.

"మేం ఊరికే బూడిదని తిట్టుకున్నాం," అంది ఒకావిడ.

"బాబూ," అంది అప్పలనర్సమ్మ సార్‌తో, చాలా మర్యాదగా. "తమరు కూడా ఒక్కపాలి సూడండి."

సార్ చుట్టూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. కూజా అందుకుని మూతి దగ్గర పెట్టుకున్నాడు. మొహం తిప్పుకోకుండా ఉండాలని ఎంత ప్రయత్నించాడో. ఆఫీసర్ అయినా మనిషే, తిప్పుకున్నాడు.

లాగ్ 7

బ్రూవరీలో బీరు పులియబెట్టే తొట్లలో నాలుగోదాన్ని దించేశారు. అడుగున పూత ఊడి, దాని కింద ఏదో కుళ్ళి పేరుకుపోయిందట. ఎన్నాళ్ళ నుంచో. లోపల పనిచేసేవాళ్ళకి అలవాటైపోయిందట. అడిగితే, "మా పని పైపు తిప్పడమే," అన్నారట.

గోడ మీద పన్నెండో నిబంధన రాస్తున్నారు. నింపిన కూజాని కూడా ముక్కు వాసన చూడాలి అని. కింద మార్కండేయులు సార్ దూరదృష్టితో ప్రవేశపెట్టినట్టు ఒక లైను. ఇలాంటి లైన్లకి పెయింటు ఎప్పుడూ ఉంటుంది. కూజా పగిలిన ఇళ్ళన్నిటికీ వానాకాలం దాకా ఆగకుండా కూజాలు ఇస్తున్నారు. వాటిని సువార్తే ఇంటింటికీ తీసుకెళ్ళి ఇస్తోంది. సారీ చెబుతుంటే కొంతమంది తలుపు వేసేస్తున్నారట. అయినా వెళ్తోంది.

నాకు ప్రమోషన్ ఇస్తామన్నారు. తొట్ల దగ్గర చీఫ్ ముక్కు. లోపల, ఒంటరిగా, కొండ మొత్తం తాగేదాన్ని వాసన చూసి ఓకే అనాలి. దగ్గేవాళ్ళు ఉండరు అక్కడ.

"సువార్తని పెట్టండి సార్. తనకి నాకన్నా బాగా తెలుస్తుంది."

"అంత మోడెస్టీ అవసరం లేదు."

"మోడెస్టీ కాదు సార్, ఫాక్ట్," అన్నాను. ఆఫీసులో నేను చెప్పిన మొదటి నిజం. ఆయన దాన్ని వినయం కిందే రాసుకున్నాడు. సువార్తని పెట్టాడు.

అమ్మ లేచి కూర్చుంటోంది. ఇవాళ పోపు పెట్టింది. తనకి ఇంకా తెలియదు. కొండ మీద నా సంగతి తెలియనివాళ్ళు అమ్మ, ఆఫీసు, సువార్త మిగిలారు. మొదట అమ్మకి చెప్పాలి. ఆవిడ చేత తోమించిన సంగతి కూడా.

పొద్దున కిటికీ తెరిచేసరికి మొదట అప్పలనర్సమ్మే. కూజా ఇవ్వకుండా గట్టు మీద మోచేతులు ఆనించింది.

"ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాను. నెమ్మదిగా, అటెండర్‌కి వినబడకుండా.

"నీకు జరమొచ్చి నేచిన వారమే. నానొకరోజు కూజాలో ఎండు నెత్తళ్ళు ఏసుకుని ఎలిపోనాను, అడుగున రెండు అతుక్కుండిపోనాయి. మొత్తం వీధంతా కంపు. నువ్వు ముక్కెట్టీసి శుభ్రం అన్నావు." మళ్ళీ అదే నవ్వు. "అప్పుడే అందరికీ సెప్పీసినాను."

"ఆఫీసులో ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నిన్ను తీసీసి సువార్త నాటి గుంటని ఇంకోదాన్నెడతారు. నీ కాడ కూజా పగలదు. మాకేటి నాబం నిన్ను పట్టించీసి?"

"నిజంగా చెడ్డ కూజా ఒకటి వచ్చి ఉంటే? కిరసనాయిలు పోసినది? నేను పంపేసేదాన్ని."

"వచ్చీవి. నీ దాకా రానిచ్చినామేటి? వరసలోనే ఒకలిది ఒకలం సూసుకుంటాం. కంపున్నోడ్ని ఎనక్కి తోలీస్తాం, కడుక్కొచ్చుకోరా ఎదవా అనీసి. సుత్తెందుకు దానికి?" కూజా గట్టు మీద పెట్టింది. "నువ్వేమో వెలుతురుకెట్టి, గోళ్ళు సూసి, కళ్ళు సూసి. ఒలమ్మా, నీ యేసాలు సూస్తంటే మాకు పొద్దు తెలీదు."

ఇన్నాళ్ళూ నేను వీళ్ళని చదువుతున్నాననుకున్నాను. సింపుల్ మనుషులు అని రాసుకున్నాను కూడా. ఆ లైను పైన అలాగే ఉంది. కొట్టేయడం లేదు.

ఆవిడ కూజా తీసుకున్నాను. ముక్కు ఆనించాను. ఒకటి. వరస నిశ్శబ్దంగా ఉంది. రెండు. ఎవరూ కదల్లేదు. మూడు.

"శుభ్రం."

తర్వాతి మనిషి కొత్తవాడు, పక్క కొండ నుంచి కాపురం మార్చినట్టున్నాడు, వరసలో కూజా ఎవరి చేతికీ ఇవ్వలేదు. గోళ్ళు తోముకుని ఉన్నాడు. తిన్నగా నా ముక్కు వైపే చూస్తున్నాడు. అతని కూజా అందుకుని మూతికి ముక్కు ఆనించి ఒకటి అన్నానో లేదో, పక్కకి జరిగి సీలు చూసుకుంటున్న అప్పలనర్సమ్మ తల ఎత్తకుండానే దగ్గింది.

"వెనక్కి వెళ్ళి కడుక్కుని రా," అన్నాను. సుత్తి ఎత్తలేదు.